పొర: తెలియదు

ఇమెరేతి కొండల కింద, వాగులో
మోకాలి లోతున నిలబడి గులీకో జల్లెడ పడుతోంది.
బియ్యంలో రాళ్లేరే చేతివాటమే.
ఇక్కడ రాళ్లే గింజలు.

గుహ పైనుంది, సున్నపురాతి చెంపలో.
లోపల దారాలు కట్టిన గళ్లు, గడికో అంకె.
త్బిలిసీ నుంచి వచ్చిన పిల్లలు బోర్లా పడుకుని
కుంచెలతో, పళ్ల డాక్టరు పుల్లలతో
రోజుకి బొటనవేలంత దిగుతారు.

గులీకోది ఆ మట్టి కాదు.
గుహ గుమ్మం కింద ముళ్లడొంక మొలిచిన దిబ్బ ఉంది చూడండి,
అరవై ఏళ్ల కిందట తవ్వినవాళ్లు
పారలతో ఎత్తి పోసింది, అది.
ఆ పారల్లో ఒకటి వాళ్ల నాన్నది.

తరీయేల్‌కి ఎనభై నాలుగు.
అక్రోటు నీడలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చెబుతాడు:
"మాకు పెద్దవే కావాలనేవారు.
గుహ ఎలుగు పుర్రె దొరికితే ఆ రాత్రి సారా.
తొడ ఎముకకి సిగరెట్టు.
చిన్నవెవడిక్కావాలి? తోసెయ్యమనేవారు."

ఇవాళ జల్లెడలో
గబ్బిలం దవడ, గోరుముక్కంత.
చేప వెన్నుపూసలు మూడు.
నల్లగాజురాయి పెచ్చొకటి.
ఆ రాయి ఈ కొండల్లో పుట్టదు,
ఎన్నో రోజుల నడక దూరం నుంచి
ఎవరో మొలన కట్టుకుని తెచ్చుకున్నది.
అంచు ఇంకా పదునే. వేలు తెగింది.
ఇన్ని వేల ఏళ్లాగి నా వేలే దొరికిందా నీకు,
అని తిట్టి, నోట్లో పెట్టుకుంది వేలు.

తర్వాత, ఎలుగుపిల్ల పాలపన్ను.

వేరు అరగలేదు. అంటే ఊడింది కాదు,
పన్నుతోనే పోయింది పిల్ల.
మొదటి చలికాలం. తల్లి పొట్ట వెచ్చదనంలో.
నిద్రలోనే అయ్యుంటుంది.

తండ్రి అరచేతిలో పెట్టింది.
అతను కళ్లద్దాలు తీసి, చొక్కాకి తుడిచి, పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"నేనేనా దీన్ని పారేసింది?"
"నువ్వో, ఒతియానో. ఎవరైతేనేం."
"ఒతియా నిదానంగా తవ్వేవాడు.
నేనే."

గులీకో సంచి తీసి చీటీ రాసింది:
పాత దిబ్బ. పొర: తెలియదు.
ఎక్కడిదో తెలియని పన్నుకి
పెట్టెలో అట్టడుగు అర.

"ఉండు," అన్నాడు ముసలాయన.
"వేరు సందులో ఎర్రమట్టి చూడు.
ఎర్రమట్టి ఎడమగోడ పక్కనే తగిలింది మాకు,
ఆఖరి వేసవిలో. వానలు. ఒతియా కాలు విరిగిన ఏడు."

కలం ఆగింది.
'తెలియదు' కొట్టెయ్యలేదు.
పక్కన పెన్సిలుతో, చిన్నగా:
ఎడమగోడ, ఎర్రమట్టి? తరీయేల్ చెప్పాడు.

"పాలపన్నుకి ఏమిస్తారే ఇప్పుడు?"
"చీటీ."
"అంతేనా?" అని
జేబులో సిగరెట్టు వెతుక్కున్నాడు.