కీమ్యాన్ దండాసి చెవి

పర్లాకిమిడి దాటాక కాశీనగర్ వైపు
ఆరు కిలోమీటర్లు నావి.
పదిహేడేళ్లు, పొద్దు పొడవకుండా సుత్తి భుజానేసుకుని
క్లిప్పు క్లిప్పుకీ ఒక దెబ్బ.
గట్టిగా ఉన్నది ఖణ్ మనేది.
వదులైనది, జలుబు చేసినోడి గొంతులా, దబ్ మనేది.
ఆ రెండు మాటలు వస్తే చాలు
నా ఉద్యోగానికి.

పుష్యమాసం. చెయ్యి చాపితే వేళ్లు కనపడని మంచు.
అలాంటప్పుడు పట్టా మీద మందుబిళ్ల కట్టాలి,
చక్రం ఎక్కి పేలితే డ్రైవరుకి తెలుస్తుంది
స్టేషను దగ్గరైందని.
కట్టాను. చెప్పు తెగింది.
కంకరలో చెప్పు కోసం తడుముతున్నాను,
ముప్పై ఐదు రూపాయల చెప్పు.
గుణుపూర్ బండి మంచులోంచి వచ్చేసింది.

పేలుడు నేను వినలేదు.
దాని తర్వాతదే వింటున్నాను, ఇప్పటిదాకా.

ఎడం చెవిలో ఇలకోడి కాపురం పెట్టింది.
నిజం ఇలకోడైతే దగ్గరికెళ్తే మానేస్తుంది.
దీనికి అడుగుల చప్పుడంటే భయం లేదు.

బరంపురంలో సుబుద్ధి డాక్టరు
అద్దాల గదిలో కూర్చోబెట్టి
వినపడితే బొత్తాం నొక్కమన్నాడు.
వినపడనివాటికీ రెండుసార్లు నొక్కాను,
ఉద్యోగం కదా.
ఆయన నవ్వాడు. కాగితం చూపించాడు:
గీత కొంతదూరం బాగానే నడిచి
మహేంద్రగిరి దిగినట్టు జారిపోయింది.
లోపల సన్నటి వెంట్రుకలుంటాయట, వరినారులాగ.
ఒరిగిపోయినవి మళ్లీ లేవవట.

ఒడియాలో చెవిని కాన అంటారు.
మనకేమో కానరానిది అంటే కనపడనిది.
కట్టు లేదు, కుట్టు లేదు, కుంటడం లేదు.
సెలవడిగితే మేస్త్రీ నన్ను పైనుంచి కిందకి చూశాడు,
ఏదీ దెబ్బ, అని.

గున్నమ్మ గొంతులో కొన్ని అక్షరాలు రాలిపోయాయి.
చాలు అంటే పాలు అనుకుని
గ్లాసు తెచ్చిచ్చాను.
మొదట నవ్వింది. తర్వాత విసుక్కుంది.
ఇప్పుడు మంచం మీద నా కుడిపక్కకి మారింది,
ఏం మాట్లాడకుండా.

రాత్రి ఫ్యాను ఉంటే పర్వాలేదు,
గాలి రొదలో ఇలకోడి సగం మునుగుతుంది.
స్టేషను దొరకని రేడియో బుస్సుమన్నా మేలే.
కరెంటు పోతేనే చిక్కు.
ఊరంతా హమ్మయ్య నిశ్శబ్దం అనుకునే వేళకి
నా తలలో జాతర.
నాకు పోయింది చప్పుళ్లు అనుకుంటారు.
పోయింది నిశ్శబ్దం.

దాచాను. ఏడు నెలలు దాచాను.
సుత్తి పిడిలో అదురు అరచేతితో వినడం నేర్చాను,
పాదాల కింద స్లీపరుతో వినడం నేర్చాను,
చాలనుకున్నాను.
వంశధార వంతెన ముందు ఓ మధ్యాహ్నం
దీనబంధు నా చొక్కా పట్టి లాగాడు.
కంకర మీద పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.
పక్కనుంచి బండి, పెట్టె తర్వాత పెట్టె.
హారన్ కొట్టాడంట, మూడుసార్లు.
నాకు గాలి మాత్రమే తగిలింది.

మర్నాడు నేనే అర్జీ పెట్టుకున్నాను.
రాస్తుంటే చెయ్యి వణికింది,
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఇప్పుడు కాశీనగర్ స్టోరు గదిలో క్లిప్పులు లెక్కపెడతాను.
కొత్త కుర్రాడు, నిరాకార్ అని, వారానికోసారి వస్తాడు.
సుత్తి కొత్త, బూట్లు కొత్త.
మంచి క్లిప్పు ఎలా పలుకుతుంది దండాసన్నా, అంటాడు.
ఎలా చెప్పను?
కంచు చెంబు గట్టు మీద పెట్టినట్టు, అన్నాను.
కాదు, చలిలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, అన్నాను.
వాడు తల గోక్కున్నాడు.

చివరికి పాత పట్టా ముక్క ముందేసి
వాణ్ని కొట్టమంటాను.
నేను సుత్తి చూడను, వాడి మొహం చూస్తాను.
ఖణ్ అయితే కనుబొమలు లేస్తాయి,
దబ్ అయితే పెదవి ఒక పక్కకి పోతుంది.
అప్పుడప్పుడు నన్ను సంతోషపెట్టడానికి
దబ్ ని కూడా ఖణ్ అంటాడు.

అదీ తెలిసిపోతుంది నాకు.
మళ్లీ కొట్టమంటాను.