బొటనవేలంత జాగ

పొద్దుమీకి రా, అన్నడు ఆశన్న.
పొద్దున కొన్న బూటు
సాయంత్రం కాలికి పట్టదట.
దినమంత తిరిగితే పాదం ఉబ్బుతది,
అసలు పాదం అదే,
పొద్దుటిది మొహమాటానికి వచ్చిన చుట్టం.

అచ్చంపేట బస్టాండు ఎనక రేకుల షెడ్డు.
తెగిన జిప్పులు, ఊచలిరిగిన గొడుగులు,
దూలానికి తలకిందులుగ బూట్లు
గబ్బిలాల లెక్క.

నాకు డిపార్ట్‌మెంటు ఇచ్చిన జత ఎనిమిదో నెంబరు.
నా కాలు అయిదు.
ముందట పాత చున్నీ ముక్కలు కుక్కి
రెండు నెలలు బీటు తిరిగిన.
మన్ననూరు గేటు కాడ ఎవరో నవ్విండ్రు:
బూట్లు పోతున్నయా, మనిషి పోతున్నదా?
ఇండెంటుల ఆడోళ్ళ సైజుకు గడి లేదు.
అడవిల మేం గూడ ఉన్నమని
ఆ కాయితానికి ఎవరు చెప్పాలె.

ఆశన్న మొదటి జత దించిండు. నల్లగ, నిగనిగ.
ముక్కు, మడిమె పట్టుకొని
తడిబట్ట పిండినట్టు పిండిండు.
మెలి తిరిగింది.
"ఇది పెండ్లిళ్ళకు."
రెండోది వేళ్ళ కాడ వంగనే లేదు.
"ఇది పరేడుకు."
మూడోదాన్ని వాసన చూసి మొఖం చిట్లించిండు.
"ఉత్త జిగురు. తొలివానకే నోరు తెరుస్తది మొసలి లెక్క."

నాలుగోది మట్టిరంగు.
చీలమండ దాటి పైకొచ్చింది,
అడుగున గాళ్ళు లోతుగ,
అప్పుడే దున్నిన చెలక.
"మేజోళ్ళు తెచ్చుకున్నవా?"
తెచ్చుకున్న. మందంగున్నయి, అడవిల తొడిగేటియే.
కాలు ముందుకు తోయమన్నడు,
మడిమె ఎనక వేలు దూర్చి చూసిండు.
తర్వాత లేసు బిగించి
ముందట బొటనవేలితో ఒత్తిండు.
"గింత జాగ ఉండాలె బిడ్డా.
అందరు ఎక్కేది మతిల పెట్టుకొని కొంటరు.
గోర్లు పోయేది దిగేటప్పుడు."

గుట్ట లేదు కాబట్టి
మోరీ మీది చెక్కను మెట్టుకు ఏటవాలుగ ఆనించిండు.
ఎక్కు. దిగు. మళ్ళ దిగు.
చాయ్ గ్లాసులు పట్టుకొని హోటలోళ్ళు చూస్తున్నరు.
పదకొండోసారి దిగుతుంటే
అది చెక్క కాదు,
సలేశ్వరం లోయల రాళ్ళమెట్లు,
ఎడమ దిక్కు బండ, కుడి దిక్కు గాలి.
వేళ్ళు బూటు ముక్కుకు తగల్లేదు.

బయట బయ్యన్న గొంతుకూర్చున్నడు.
మా వాచరు, చెంచుపెంట మనిషి,
ఒట్టి కాళ్ళు.
నువ్వు గూడ ఒక జత తీసుకోరాదే అన్న.
"సర్కారోళ్ళు పోయినేడు ఇచ్చిండ్రు గద.
అండ్ల కోడి పొదిగింది.
ఏడు పిల్లలు."
నవ్వలేదు. లెక్క చెప్పిండు, అంతే.

లేచి, బోరింగు కాడి తడిమట్టిల
నడువుమన్నడు నన్ను.
నేను ముందట, ఆయన ఎనక,
వంగి, నా అడుగులు చదువుకుంట.
మడిమె గుర్తు కాడ పుల్లతో గీత గీసిండు.
చానసేపు మాట్లాడలే.
"ఆఫీసోళ్ళ అడుగులన్ని ఒక్క తీరే ఉంటయి,
ఎవ్వరు పోయిండ్రో నాకు ఎర్కగాదు.
ఇది నీది.
తప్పిపోతే దొరుకుతవు."

ఆశన్న రెండువేలన్నడు.
పదహారు వందలకు తెగింది,
లేసులు ఒక జత మీదికెల్లి.
వారం రోజులు ఇంట్లనే తొడుగుమన్నడు.
అంట్లు తోమిన వాటితోటి,
జొన్నరొట్టెలు చేసిన,
మా ఇంటామె సుగుణక్క
చూరు కింద నిలబడి
"పులి మీ వాకిట్లకు వస్తదా ఏంది" అన్నది.

మొన్న లోయకు దిగిన.
నాలుగు గంటలు.
గుంట కాడ కూసోని బూట్లిప్పి
గోర్లు లెక్కపెట్టుకున్న.
తొమ్మిది సాఫుగున్నయి.
పదోది కమిలింది,
కానీ అది రాత్రి మంచం కోడుకు తగిలింది,
బూటును అననీకి లేదు.