పూటకో మాట

టాలిన్‌లో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
నాలుగువందల పద్దెనిమిదో టెస్టు
పొద్దున పచ్చగా ఉంది,
మధ్యాహ్నానికి ఎర్రబడింది.
మధ్యలో ఎవరూ ఒక్క కామా కూడా కదపలేదు.

"మళ్ళీ నడుపు" అన్నాడు ఉర్మాస్, తల తిప్పకుండానే.
నడిపాం. పచ్చ.
బాగానే ఉందిగా అనుకుని
కోట్లు తగిలించుకుని ట్రామెక్కేశాం.

పద్నాలుగు నెలలుగా ఇదే వరస.
మొదట తిట్టుకున్నాం, తర్వాత ముద్దుపేరు పెట్టాం
వాతావరణం అని.
"ఇవాళ వాతావరణం బాలేదు" అంటే
ఇంకో కప్పు కాఫీకి వేళయిందని.

అది అడిగేది చిన్న ప్రశ్నే:
దీవికెళ్ళే ఫెర్రీలో ఒక్క కారుకే చోటు మిగిలి
ఇద్దరు ఒకేసారి చెయ్యి చాస్తే
టిక్కెట్టు ఎందరికి?
ఒకరికే, అని పదిసార్లు జవాబు.
పదకొండోసారి, ఇద్దరికీ.

కొత్తగా చేరిన పిరెత్‌కి మా అలవాటు ఇంకా అంటలేదు.
ఒక రాత్రి దాన్ని వెయ్యిసార్లు నడపమని యంత్రానికి చెప్పి
తడిసిన సాక్సులు హీటరు మీద ఆరేసి కూర్చుంది.
తెల్లారేసరికి
(ఇక్కడ తెల్లారడమంటే తొమ్మిది దాటాక)
తొంభై ఒక్క ఎరుపులు.

చోటుందా అని చూడ్డానికీ
అమ్మేశాం అని రాసుకోడానికీ మధ్య
నలభై మిల్లీసెకన్ల సందు.
రెప్పపాటులో సగం కూడా లేదు.
అందులో ఇద్దరు మనుషులు పడతారు, కార్లతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది
పోయిన చలికాలం, రేవులో
ఒక్క చోటుకి రెండు టిక్కెట్లు.
ఈనలేక అవస్థపడుతున్న ఆవు కోసం బయల్దేరిన పశువుల డాక్టరు,
వెనక సీట్లో మూడంతస్తుల పెళ్ళికేకుతో ఒకమ్మాయి.
రేవు మనిషి హిల్లర్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడట.
కేకు ఒడ్డునే ఉండిపోయింది.
మేం ఒక క్షమాపణా, పది యూరోల కూపనూ పంపాం.
ఆ సాయంత్రం టెస్టు ఎర్రబడితే
ఏమన్నామో తెలుసుగా.

భోజనాల వేళకి సందు పూడ్చేసింది పిరెత్.
పూడుస్తుంటే ఒక పాత వాక్యం బయటపడింది:
"ఇక్కడ మూడు సెకన్లు ఆగు.
ఎందుకో తెలీదు, ఆగితే పాసవుతోంది."

ఎవరు రాశారిది? అంది
కోపంగా కాదు, వింతగా.
ఉర్మాస్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.
యంత్రాన్ని అడిగింది. నా పేరు చెప్పింది.

మళ్ళీ నడుపు, అన్నాను.
నడిపింది.
నా పేరే.