సెల్లార్‌లో మొదటి రాత్రి

బండి కట్టిచ్చిన ఖయ్యూం భాయ్, రాణీగంజ్ షెడ్డులో
వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి తోసుకుని
ఒకటే మాట చెప్పాడు:
"మొదటి రాత్రి యాడికీ పోకున్రి.
మీ ఇంటి కిందనే పండుకోన్రి.
ఏం మరిచిన్రో అప్పుడు ఎరుకైతది."

అందుకే నాచారంలో, మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో,
నీళ్ల మోటారుకీ ఎవరిదో పంక్చరైన సైకిలుకీ మధ్య
పాత టెంపో ట్రావెలర్‌ని నిలిపి
ఈ రాత్రికి ఇదే అడవి అనుకున్నాం.
పైన బిగించిన ఫ్యాను డబ్బా
దూలానికి వేలెడు దూరంలో ఆగింది.
ఎనిమిదడుగుల తొమ్మిదంగుళాలు:
స్టీరింగ్ పక్కన రాసి అంటించాడు కమలాకర్,
చేతులు కొంచెం వణుకుతుండగా.

మొదటిసారి మెట్లెక్కింది అగ్గిపెట్టెకి.
స్టవ్వు కొన్నాం, సిలిండరుకి బెల్టు కట్టించాం,
నిప్పు సంగతే ఎవరికీ తోచలేదు.
రెండోసారి టీ వడకట్టుకి.
మూడోసారి దోమతెరకి.
నాలుగోసారి ఎందుకో, పైకెళ్లాక మరిచిపోయి
మంచినీళ్లు తాగి దిగాను.
లిఫ్టు పదింటికి ఆపేస్తారు. మాది నాలుగో అంతస్తు.

పదకొండింటికి గిన్నెలన్నీ దొర్లాయి.
ఆ చప్పుడుకి వచ్చాడు సైదులు, మా వాచ్‌మన్,
ఇరవై రెండేళ్లు నాగపూర్ రోడ్డు మీద
లారీ క్యాబిన్లో నిద్రపోయిన మనిషి.
తలుపు తట్టలేదు. టైరు తట్టాడు.

"పళ్లెంల నీళ్లు పోసి సూడున్రి సారూ,
ఎటు వాలితే అటు కాళ్లు.
తల పల్లంల పెడితే తెల్లారేసరికి
మొకం బూరె లెక్క ఉబ్బుతది.
బండి మూతి ఎప్పుడూ రోడ్డు దిక్కే ఉండాలె,
భయమైనప్పుడు రివర్సు గేరు దొరకది.
చెట్టు కింద ఆపేముందు చెట్టు మీదికి సూడున్రి,
ఎండిన కొమ్మ, తేనెతుట్టె.
ఇంజను బంద్ చేసి పావుగంట ఊకె కూసోన్రి.
మనసొప్పకుంటె లేశి పోవాలె,
పైసలు కట్టిన జాగైనా సరే.
బంకు పిలగాన్ని అడుగున్రి, దాబా ముసలాయన్ని అడుగున్రి.
అడగక ఆపినోడు దొంగ,
అడిగి ఆపినోడు చుట్టం."

కమలాకర్ ఫోన్లో రాసుకుంటున్నాడు.
నేను గిన్నెలు ఏరుతున్నాను.

అప్పుడు పుల్లమ్మ ఎక్కింది లోపలికి,
కొంగు బిగించి, నన్ను అడక్కుండానే.
పెద్దదాంట్లో నడిపిది, నడిపిదాంట్లో చిన్నది,
మధ్యన తువ్వాలు ముక్కలు.
"గిప్పుడు ఏ గుంతల పడ్డా మాట్లాడయి.
రెండోది తీసేముందు మొదటిది దాని జాగల పెట్టాలె, మేడమ్.
లేకుంటె సామాను పడతది, మనిషి పట్టదు."

చుట్టూ చూసింది. మంచం కింది అర లాగి చూసింది.
"పొడుగెంతుంటది?"
"పదడుగులు."
కళ్లతోనే కొలిచింది.
"మాదాని కంటే రెండడుగులు ఎక్వనే."

మెట్ల కింద వాళ్ల గది.
ఏడేళ్లుగా దాని ముందు చెప్పులు తప్పించి నడుస్తున్నాను,
లోపల అల్మరా ఎటువైపుందో తెలియదు.
నలుగురు పడుకుంటారక్కడ.
ఇవాళ నేనెక్కిన నాలుగుసార్లూ
వాళ్ల నెత్తి మీదే.

దోమలు తెరకి బయటే ఉన్నాయి. నిద్ర కూడా.

ఐదున్నరకి హారను. నీళ్ల ట్యాంకరు.
"తీయున్రి సారూ, లోపటికి రావాలె!"
మొదటి మకాం నుంచే మమ్మల్ని లేపేశారు.
సైదులు మాత్రం ఆగి, పైపు ముందు మా వైపు తిప్పి
మా నలభై లీటర్లూ నింపాడు.
"వెళ్లేముందు నింపుకోవాలె, అక్కడ దొరుకుతయ్ అనుకోవద్దు."

కదిలేముందు బండి చుట్టూ ఒకసారి నడవమన్నాడు.
నడిచాను.
డోరు మూసే ఉంది. గ్యాసు కట్టే ఉంది.
వెనక చక్రం కింద, వాలు వైపు,
సగం ఇటుక.

మేం పెట్టింది కాదు.