అర మార్కు

సమీకరణం చివర ఎన్ రాయని వాళ్లకి
అర మార్కు కోశాను.
నలభై ఒక్క పేపర్లలో ముప్పై మూడు.
కార్బన్ పదమూడు, హీలియం నాలుగు,
బాణం గుర్తు, ఆక్సిజన్ పదహారు,
అక్కడితో పెన్ను మూత పెట్టేశారు.

చింతాడ హైమ మాత్రం లేచి
"మేడమ్, ఆ మిగిలిన ఒక్కటీ ఎటెళ్లిపోనాది?" అంది.
గంట కొడితే తప్పించుకునేదాన్ని.
కాలేజీ గంట వారం కిందటే బీటేసింది.

శనివారం దాన్ని గోనెసంచిలో చుట్టి
ఆమదాలవలసలో ఆటో మారి
బూడితి వెళ్లాను, ఒళ్లో బరువు పెట్టుకుని.
ముఖలింగాచారి వేలి కణుపుతో ఒక్కసారి తట్టి
చెవి దగ్గర పెట్టుకుని
"ఇది సచ్చిపోనాదమ్మా" అన్నాడు.
"కరిగించీసి మళ్లీ పోస్తాను.
రాగి ఉన్నాది. తగరం ఓ పిసరు ఏయాల."

కరెంటు పోయింది. మోటారు ఆగింది.
కోడలు అటక మీంచి పాత తిత్తి దించింది.
ఆ మంట ముందు పీట మీద కూర్చుని
ఇక్కడ లేని పిల్లకి జవాబు మొదలుపెట్టాను.

ఎటూ పోలేదే అది.
ముసలిదైన ఒక నక్షత్రం, ఉబ్బి, ఎర్రబడి,
దాని లోపల రెండు మంటల నడుమ సన్నటి సందు.
పదికోట్ల డిగ్రీల ఆ ఇరుకులో
హీలియం వచ్చి కార్బన్‌లో కలుస్తుంది.
ఆక్సిజన్ పుట్టిందన్న సందడిలో
అందరూ బిడ్డని చూస్తుంటే
పెరటి తలుపు తీసుకుని ఒకటి బయటపడుతుంది.

ఆవేశం లేదు దానికి, ఏ అర్థంలోనూ.
ధనమూ లేదు, ఋణమూ లేదు.
అలాంటిదాన్ని ఏ గుమ్మమూ ఆపదు.
ఒంటరిగా తిరిగితే పావుగంట ఆయుష్షు,
కానీ అంతసేపు తిరగనివ్వరు.
దారిలో ఏ ఇనుమో తగుల్తుంది,
లోపలికెళ్లి కూర్చుంటుంది.
ఇనుముకి ఒక్క బరువు పెరుగుతుంది, అంతే.

మరొకటి రావాలంటే ఏళ్లు.
ఒక్కోసారి వందల ఏళ్లు.
ఈలోగా లోపలున్నది ఉండబట్టలేక
ప్రోటాన్‌గా మారిందా,
ఇంటిపేరే మారిపోతుంది.
అలా ఒక్కో మెట్టూ, ఒక్కో మెట్టూ,
తగరం దగ్గరికొచ్చేసరికి నడక మందగిస్తుంది.
పది రూపాల్లో నిలకడగా ఉండగలిగింది
అదొక్కటే మరి.

రాగిది చాలావరకు వేరే పొయ్యి.
ఇంకా బరువైన నక్షత్రాలు, ఇంకా పెద్ద మంట,
అక్కడ న్యూట్రాన్ విసిరేది నియాన్ ఇరవై రెండు.
అది సిలబస్‌లో లేదు.

"ఏటమ్మా, పొయ్యికి పాఠం సెప్తున్నావా?"
చెప్పాను, తగరం ఎక్కడిదో.
ఆయన పట్టకారు దించలేదు.
"మాకైతే నర్సన్నపేట షావుకారు కాడ్నుంచి వొస్తాది.
కిలో మూడు వేలు.
ఆడికెవులిచ్చినారో నానడగలేదు."

అని, తగరం ముక్క మూసలో వేశాడు.
చప్పుడు కాలేదు.
ఎక్కడో చల్లారిన రెండు పొయ్యిలు
అరచేతి వెడల్పు మూసలో కలిశాయి,
కోడలు చెమట తుడుచుకుంది.
"ఎక్కువైతే పగుల్తాది. తక్కువైతే పలకదు."
ఎంతో ఎలా తెలుసంటే
మంట రంగు చూడమన్నాడు. చూశాను.
నాకేం తెలియలేదు.

సోమవారం కొత్త గంట కొట్టాడు అటెండరు గవరయ్య.
కొట్టి, చెయ్యి తీసి,
ఆగుతుందేమోనని నిలబడ్డాడు.
ఆగలేదు చాలాసేపు.

స్టాఫ్ రూములో ఆ ముప్పై మూడు పేపర్లూ మళ్లీ తీశాను.
మార్కులు మార్చలేదు.
ఆక్సిజన్ పక్కన ప్రతిచోటా
కూడిక గుర్తు, చిన్న ఎన్,
ఒక్కొక్కటే రాస్తూ పోయాను.
పంతొమ్మిదో పేపర్లో ఎర్ర రీఫిల్ అయిపోయింది.
తర్వాతవన్నీ నీలంతో.