నాలుగో కిటికీ

మొదటిసారి వచ్చినప్పుడు
వెర్లిన్ స్ట్రౌడ్ బూట్ల నిండా మంచు.
తొమ్మిది మైళ్ళు నడిచొచ్చాడు.
పేరు కొట్టాను. తెర ఎర్రబడింది.
ఒహాయోలో ఏడేళ్ళ కిందటి రాత్రొకటి
అతనికంటే ముందే నెవాడా చేరి
నా కంప్యూటర్లో కూర్చునుంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు.
ఇక్కడ చెబితే పోదు.
జరిమానా కట్టిన రసీదు కావాలి,
తరగతులకి వెళ్ళిన కాగితం కావాలి,
అక్కడివాళ్ళు వదిలేశామని రాయాలి.
"ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారండీ," అన్నాడు,
"గంటన్నర."

రెండోసారి ఏం చెప్పానో గుర్తులేదు.
లేదనే చెప్పుంటాను.

ఇవాళ తెర ఏమీ అనలేదు.
నేనే ఇంకోసారి చూశాను.
కళ్ళ పరీక్షలో అడుగు వరుస
అడక్కముందే చదివేశాడు,
కూర్చుని కూర్చుని బట్టీ వచ్చేసింది కాబోలు.
బరువెంతంటే, అప్పటిదా ఇప్పటిదా అన్నాడు.
చనిపోతే అవయవాలు ఇస్తారా అంటే
చాలాసేపు బల్ల అంచు గోకి
"కాలేయం అడక్కండి. మిగతావి రాసుకోండి."

ఫొటోకి నవ్వమన్నాను. నవ్వలేదు.

తాత్కాలిక కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేసుకుని, తడుముకుని,
పార్కింగ్ తప్పి ఏడుస్తూ వస్తున్న
పదహారేళ్ళ పిల్లకి తలుపు పట్టుకున్నాడు.
"మళ్ళీ ఇస్తారమ్మా."
ఆ పిల్ల వినిపించుకోలేదు.

తర్వాతి నంబరు పిలవబోతూ బయటికి చూశాను.
రోడ్డు అంచున నడిచే పోతున్నాడు.
మలుపు దగ్గర, వెనక ఎవరూ లేకపోయినా,
ఎడమచెయ్యి బారుగా చాపాడు.