కాటా ఎక్కని రాయి

సిరిపురం జిమ్ములో
ఇనుము తన బరువు తానే చెప్పుకుంటుంది
నుదుటి మీద అచ్చేసుకుని:
ఐదు, పది, ఇరవై.
అరచేతి కొలతకి తగ్గట్టు కడ్డీ,
జారకుండా కడ్డీకి గరుకు,
నేను ఎప్పుడు అలిసిపోతానో ముందే తెలిసిన అద్దం.
మూడేళ్ళు ఎత్తానక్కడ.
నెలనెలా అంకె పెరిగేది.

ఆ అంకెని వెంటపెట్టుకునే వెళ్ళాను
పెద్ద జాలరిపేటలో, వలలు ఆరేసే గోడ వెనక
గనగళ్ళ ఎల్లాజీ తాలింఖానాకి.
పైన రేకులు సగమే.
తుఫాను పట్టుకెళ్ళిన సగం మళ్ళీ వెయ్యలేదు.
"సూరీడూ కసరత్తుకొత్తన్నాడు, రానీ" అంటాడు.
ఇసక మీద మూడు రాళ్ళు.
ఒకటి ఎవరింట్లోనో రుబ్బి రుబ్బి రిటైరైన పొత్రం.
ఒకటి సంగిడి, పిడి కోసం చెక్కిన గాడి
నాలుగు తరాల చెమటకి నల్లబడింది.
మూడోది, సముద్రం నున్నగా నాకి నాకి
ఒడ్డున ఒదిలేసింది.
దాని పేరు మూగది.

నాతో వచ్చిన ఫిజియో కుర్రాడు సుధాంశు
"ఎన్ని కిలోలు తాతా?" అన్నాడు.
"అదేటి సేపా బాబూ, కాటా ఎయ్యడానికి?"

వంగాను.
నడుము నిటారు, మడమలు నేలలో,
మూడేళ్ళ చదువంతా దాని ముందు ఒప్పజెప్పాను.
మూగది వినలేదు.
వేళ్ళు ఎక్కడ పెడితే అక్కడ రాయి లేదు, నునుపే ఉంది.
కడ్డీకి రెండు వైపులా ఒకే న్యాయం.
దీని బరువంతా ఏదో మూల నక్కి ఉంటుంది
అలిగిన పిల్లలా,
నేనటు వెళితే ఇటు.

సోమవారం లేవలేదు. బుధవారం లేవలేదు.
ఆషాఢం వెళ్ళిపోయింది.
ముంజేతుల మీద గీతలు చూసి
హెడ్ నర్సు సత్యవేణి అడిగింది
పిల్లిని గాని పెంచుతున్నావా అని.

పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు నాది, రాత్రి డ్యూటీ.
మంచం మీంచి స్ట్రెచర్ మీదకి మార్చాలంటే
మనిషికి పిడులుండవు.
చెమటకి జారే వీపు, ముట్టుకుంటే అరిచే తుంటి,
ఊపిరితో పాటు అటూ ఇటూ కదిలే బరువు.
కేస్ షీటులో అంకె ఉంటుంది,
డెబ్బై రెండు.
భయపడ్డవాడి డెబ్బై రెండు వేరు,
నిద్రపోయినవాడి డెబ్బై రెండు వేరు.
తెల్లారగట్ల చల్లబడిపోయినవాడి డెబ్బై రెండు
ఏ ఇనుములోనూ లేదు.

అలాంటి ఓ పొద్దున్నే డ్యూటీ దిగి
తెల్ల చెప్పులతోనే వెళ్ళాను.
ఎల్లాజీ వల కంత కుడుతున్నాడు.
తల పైకెత్తకుండానే అన్నాడు:
"ఎత్తకు పాపా.
ఎత్తుకో."

చెప్పులు విప్పాను.
మోకాళ్ళ మధ్యకి లాక్కున్నాను.
చెంప ఆనించాను. ఉప్పు వాసన. రాత్రి మిగిల్చిన చల్లదనం.
గడ్డం కింద, గుండె మీద, ముంజేతుల గాట్ల మీద
దానికెక్కడ చోటు దొరికితే అక్కడికి రానిచ్చాను.
అవతల నా అరచేతులు ఒకదాన్నొకటి అందుకోలేదు,
అందుకోనక్కర్లేదు.
మూడేళ్ళలో ఏ మెషీనూ పని చెప్పని కండొకటి
వెన్ను లోపల
నన్నేనా పిలిచావు అని లేచింది.

జానెడు. జానెడు కూడా కాదేమో.
కింద తడి ఇసకలో పాలిపోయిన గడ్డిపోచ,
వెలుగుకి కంగారుపడ్డ గోరంత పీత.
అది పక్కకి నడుచుకుంటూ పోయేదాకా
కాళ్ళు వణుకుతూనే ఆగాను.
తర్వాత దించాను. పడెయ్యలేదు.

ఎల్లాజీ దారం కొరికి తెంపాడు.
"రేపు కూసింత సద్దన్నం తినొచ్చీ."

సిరిపురం మానలేదు నేను.
కాళ్ళకి ఆ కడ్డీ మంచిదే, అబద్ధమెందుకు.
ఆ సాయంత్రం అక్కడి పుస్తకంలో
తేదీ రాశాను. వ్యాయామం: రాయి.
బరువు అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగి
రాసింది:
పీత తప్పుకుంది.